చెరిపిన పుట, రాయని పుట: ‘ది ఆర్కైవ్డ్’ నవలా పరిశీలన

అమెరికన్ రచయిత్రి విక్టోరియా ష్వాబ్ కౌమార పాఠకుల కోసం రాసిన ‘ది ఆర్కైవ్డ్’ (2013) మృతుల గ్రంథాలయం చుట్టూ అల్లిన అద్భుత కాల్పనిక నవల. మరణించిన ప్రతి మనిషి జీవితం అందులో ఒక ‘హిస్టరీ’గా అరకు చేరుతుంది. దానిని చదివే అధికారం లైబ్రేరియన్లది. మేల్కొని తప్పించుకున్న హిస్టరీలను వెనక్కి పంపడం కథానాయిక మెకంజీ బిషప్ విధి. ఆ బాధ్యత ఆమెకు తాత నుండి సంక్రమించింది. తమ్ముడు బెన్ మరణాన్ని తట్టుకోలేక ఆమె అతని హిస్టరీని మేల్కొల్పుతుంది. లేచినది తమ్ముడు కాదు. భద్రపరచడం బతికించడం కాదని ఈ ఘట్టం నిరూపిస్తుంది.

అయితే నవలలోని అసలు అద్భుతం మృతులు లేవడం కన్నా, ప్రతి మృతునికీ ఒక అర ఉండటమే. పశ్చిమ కర్నూలు చరిత్రతో పోల్చి చదివితే ఇది స్పష్టమవుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం 1800లో నిజాం నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలలోనిది. 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండేది. దత్తమండలాలలో కాలిన్ మెకంజీ సహాయకులు సేకరించిన కైఫీయత్తులలో పాలకులు, దేవాలయాలు, మాన్యాలు, చెరువుల వివరాలు విస్తారంగా ఉన్నాయి. కూలీల, సామాన్య నేతగాండ్ర పేర్లు అరుదు. 1876-78 నాటి ధాత కరువు బళ్లారి జిల్లాను కుదిపివేసింది. ఆనాటి మృతులలో అత్యధికులు ప్రభుత్వ నివేదికలలో అంకెలుగానే మిగిలారు.

నవలలోని గ్రంథాలయమూ నిర్దుష్టం కాదు. కొరొనాడో భవనంలోని మరణాల నిజం బయటపడకుండా కొందరి జ్ఞాపకాలను చెరిపివేస్తారు. ఆ ఖాళీలే మెకంజీకి ఆధారాలవుతాయి. చెరపడానికి ముందు రాత ఉండాలి; చెరిపిన చోట గుర్తు మిగులుతుంది. కరువు మృతులకు అసలు పుటే లేదు. చెరిపినవాడిని పట్టుకోవచ్చు గాని, రాయకపోవడానికి ఒక్క దోషిని చూపలేం. అందరికీ అర ఉందన్న ప్రతిపాదనతో మొదలైనందువల్లనే నవల ఈ రెండవ మౌనాన్ని అందుకోలేకపోయింది. నేరపరిశోధన కథనం ఆ పరిమితిని మరింత బిగించింది.

అధికారం జ్ఞాపకాన్ని ఎలా దిద్దుతుందో కౌమార పాఠకునికి అర్థమయ్యేలా చెప్పడం ఈ నవల సాధించిన విజయం. ఈ ప్రాంతపు తరగతి గదిలో దీనిని చదివేటప్పుడు మరో ప్రశ్న చేర్చుకోవాలి: అరలోకే చేరని వారెవరు? దానికి సమాధానం వెతకవలసినది కరువు పాటలలో, ఇంటింటి వంశ జ్ఞాపకాలలో. వాటిని సేకరించే పని ఆలస్యమైన కొద్దీ ఆ పుట రాసే అవకాశం కూడా మిగలదు.