మూడు రాత్రుల కోసం కట్టిన ఓడ

కరోనా దెబ్బకు విహార నౌకలన్నీ రేవుల్లో కట్టుబడిపోయిన 2020లో రెండు పెద్ద ఓడలు టర్కీలోని అలియాగా తీరంలో తుక్కుకింద చేరాయి. ఒకటి సావరిన్, ఇంకొకటి మోనార్క్. ఒక్కోటీ 73,000 టన్నుల పైమాటే. వాటిని కట్టిన ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్ యార్డులోనే 1990లో తయారైన ఎంప్రెస్ మాత్రం ఆ గండం గట్టెక్కింది. 2020 డిసెంబరులోనే కార్డీలియా క్రూయిజెస్ అనే కంపెనీ దాన్ని కొంది. 2021 సెప్టెంబరులో ముంబై నుంచి తిరగడం మొదలుపెట్టింది.

దీని లెక్క 48,563 టన్నులు. విహార నౌకలకు చెప్పే ఈ టన్నులు బరువు కాదు, లోపలి మొత్తం చోటును కొలిచే పద్ధతి. పొడవు దాదాపు 211 మీటర్లు, వెడల్పు 30 పైచిలుకు. 1990లో ఇది బాగా పెద్దదే. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే ఓడ పక్కన పెట్టి చూస్తే అందులో అయిదో వంతు.

అడ్మిరల్ క్రూయిజెస్ అనే కంపెనీ ఫ్యూచర్ సీస్ అనే పేరు అనుకుని దీనికి ఆర్డరిచ్చింది. ఓడ పూర్తయ్యేలోగా ఆ కంపెనీయే రాయల్ కరీబియన్‌లో కలిసిపోయింది. ఓడ నార్డిక్ ఎంప్రెస్ అయింది. గాయని గ్లోరియా ఎస్టెఫాన్ చేత నామకరణం చేయించారు.

అప్పటిదాకా మయామీ నుంచి బహమాస్‌కు మూడు నాలుగు రాత్రుల ట్రిప్పులంటే ఎక్కువగా వయసు మళ్లిన ఓడలకు అప్పజెప్పే పని. ఆ చిన్న ట్రిప్పు కోసమే కొత్త ఓడ గీయించడం నాకు భలే సాహసంగా అనిపిస్తుంది. గీసినవాళ్లు ప్రయాణికుణ్ని బాగా చదివారు. మూడు రాత్రులకు వచ్చినవాడు గదిలో ఉండడు. అందుకే కేబిన్లు ఇరుకు. పెట్టె మంచం కిందికి తోస్తే తప్ప ఇద్దరు ఒకేసారి నిలబడి బట్టలు మార్చుకోవడం కష్టం. బాల్కనీ ఉన్న గదులు కొద్దే. అక్కడ పిసినారితనం చూపి మిగిల్చిన చోటంతా అందరూ కలిసే హాళ్లకు ధారపోశారు. రెండు అంతస్తుల భోజనశాల, మూడు అంతస్తుల కేసినో, వీటన్నిటికీ నడుమ తొమ్మిది డెక్కుల ఎత్తున సెంట్రమ్.

అసలు పనితనం కనిపించేది ఈ సెంట్రమ్‌లోనే. చూసేవాళ్లకు అది గాజు లిఫ్టులు, మెరిసే రెయిలింగులు ఉన్న హాలు. ఓడ కట్టేవాళ్లకు అది పెద్ద తలనొప్పి. పొడవాటి ఓడ నడుము కిందకు కెరటం వస్తే రెండు కొసలూ కిందికి వాలతాయి. కొసల కింద కెరటాలుంటే నడుమే కిందికి జారుతుంది. ఈ వంపుల భారం ఎక్కువగా పడేది మధ్యభాగం మీద, దాన్ని కాసేది డెక్కుల ఉక్కు. సరిగ్గా అలాంటి డెక్కులకు బెజ్జం పెట్టాలంటే చుట్టూ మందపాటి ఉక్కు పట్టీలు వేయాలి. మూలలు కోసుగా వదిలితే పగులు అక్కడే మొదలవుతుంది కాబట్టి వాటిని గుండ్రం చేయాలి. ఇక నిప్పు సంగతి. తొమ్మిది అంతస్తుల గొట్టంలాంటి చోట పొగ క్షణాల్లో పైకి పాకుతుంది. దాన్ని లాగేసే ఫ్యాన్లు, అంటుకుంటే మూసుకునే తలుపులు అలంకరణ చాటున దాక్కోవాలి. హాలులో కాఫీ తాగేవాడికి ఇవేవీ కంటపడవు. పడకపోవడమే పనివాళ్ల గొప్ప.

తర్వాత చేతులు చాలా మారాయి. 2008లో స్పెయిన్‌కు చెందిన పుల్మాంటూర్‌కు వెళ్లింది, 2016లో రాయల్ కరీబియన్‌కు తిరిగొచ్చింది. వంటశాలకు భారీ మరమ్మతులు అవసరమని తేలి, మొదటి ట్రిప్పులు కొన్ని రద్దయ్యాయి కూడా. అయినా దీన్నే వెనక్కి పిలవడానికి బలమైన కారణముంది: క్యూబా. హవానా రేవు ముఖద్వారం ఇరుకు, లోపల ఓడలు ఆగే చోటూ తక్కువ. కంపెనీ దగ్గరున్న భారీ ఓడలు అక్కడ పట్టవు. 2017 ఏప్రిల్‌లో ఆ కంపెనీ తరఫున హవానాకు తొలి ప్రయాణం చేసింది ఎంప్రెస్సే. 2019 జూన్‌లో అమెరికా ప్రభుత్వం క్యూబాకు విహార నౌకలు వెళ్లకూడదనడంతో ఆ ముచ్చట ముగిసింది.

మన తీరానికి వచ్చాక కూడా ఆ చిన్న పరిమాణమే కలిసొచ్చింది. ముంబై, గోవా, కొచ్చి, లక్షద్వీప్ తిప్పారు. 2022 జూన్‌లో విశాఖ రేవుకూ వచ్చి, ఇక్కడి నుంచి చెన్నై వైపు జనాన్ని ఎక్కించుకుంది. ఆ మరుసటి ఏడాది చెన్నై నుంచి శ్రీలంకకు వెళ్లింది. వారాంతానికి రెండు మూడు రోజుల సెలవు కలుపుకుని బయల్దేరే మన కుటుంబాలూ, ముప్ఫై ఏళ్ల కిందట మయామీలో ఎక్కినవాళ్లూ ఓడ లెక్కలో ఒకే రకం ప్రయాణికులు: గదిలో పడుకునేది తక్కువ, హాళ్లలో తిరిగేది ఎక్కువ.

వయసు మాత్రం దాచలేరు. ఈ తరం ఓడల్లో వరుసగా కనిపించే బాల్కనీలు ఇందులో ఆశించకూడదు. ఎక్కేవాళ్లు ఖరీదైన గది కోసం తాపత్రయపడకుండా లోపలి కేబిన్ తీసుకుంటే చాలు. సామాను అక్కడ పడేసి, సెంట్రమ్ అడుగు అంతస్తులో నిలబడి తలెత్తి చూడండి. తర్వాత లిఫ్టు వదిలేసి మెట్ల మీదుగా పైకెక్కండి, ఒక్కో డెక్కు దగ్గర ఆ ఖాళీ అంచును ఎలా కట్టారో చేతికందేంత దూరంలో కనిపిస్తుంది.