తోటలో పరిచే మీటర్ గేజ్

ఎల్‌జీబీ నమూనా రైలు పట్టా ముక్కను కొలిస్తే ఎత్తు 8.4 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ నమూనా రైళ్ల కొలత అసలు రైలులో ఇరవై రెండున్నర వంతు, అంటే 1:22.5. 8.4ని ఇరవై రెండున్నరతో హెచ్చవేస్తే 189 మిల్లీమీటర్లు. మన ప్రధాన మార్గాల్లో ఎక్స్‌ప్రెస్‌లు పరుగులు తీసే 60 కిలోల పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లే. ఊరి పక్క లైనులో రెండు బోగీలు లాగే బుల్లి ఇంజను కింద పరిచిన ఈ పట్టా, లెక్క ప్రకారం చూస్తే, రాజధాని ఎక్స్‌ప్రెస్ పట్టా కంటే ఎత్తయినది. కొలతల విషయంలో పట్టింపున్నవాళ్లు దీన్ని లోపమంటారు. నాకు మాత్రం ఈ రైలు మొత్తంలో అన్నిటికంటే ముందు మెచ్చుకోవాల్సిన పని ఇదే అనిపిస్తుంది.

ఈ రైలు ఇంట్లో బల్ల మీద తిరగడానికి పుట్టలేదు. వానలో తడవాలి, ఎండలో కాగాలి, మొక్కలకు నీళ్లు పోసేవాళ్ల చెప్పు కింద పడినా వంగకూడదు. కొలతకు సరిపోయేలా సన్నగా చేస్తే ఆ పట్టాకు అంత బలం ఉండేది కాదు. అందుకే చేసినవాళ్లు పట్టాను మందంగా చేశారు, చక్రాల అంచులను లోతుగా ఉంచారు. నిజాన్ని ఎక్కడ వదులుకోవాలో తెలిసి వదులుకున్నారు, ఎక్కడ పట్టుకోవాలో అక్కడ గట్టిగా పట్టుకున్నారు. పెద్ద సైజు నమూనా రైలుతో మొదలుపెట్టాలనుకునేవారు మొదట చూడవలసింది ఈ వివేకాన్నే. ధర, రంగు, బోగీల సంఖ్య ఆ తర్వాతి మాట.

ఎల్‌జీబీ అంటే లేమన్ గ్రోస్ బాన్. ఎర్న్‌స్ట్ పాల్ లేమన్ 1881లో జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ పట్టణంలో స్థాపించిన బొమ్మల కార్ఖానాకు అది వారసురాలు. రేకు బొమ్మలకు, తాళంచెవి తిప్పితే కదిలే బళ్లకు ఆ కార్ఖానా పేరు మోసింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తూర్పు జర్మనీలో అది చేజారిపోతే, లేమన్ బంధువు యోహానెస్ రిక్టర్ పడమటి వైపు వచ్చి నూరెంబర్గ్‌లో మళ్లీ మొదలుపెట్టారు. ఆయన కొడుకులు ఎబర్‌హార్డ్, వోల్ఫ్‌గాంగ్ 1968 నూరెంబర్గ్ బొమ్మల సంతలో ఈ పెద్ద రైలును బయటపెట్టారు. అప్పటికి నమూనా రైళ్ల లోకమంతా చిన్నవాటి వైపు నడుస్తోంది. అరచేతిలో ఇమిడే ఇంజన్లు, గదిలో ఓ మూల సరిపోయే లైన్లు. అలాంటి రోజుల్లో రెండు చేతులూ పెట్టి ఎత్తే ఇంజనును, తోటలో పరిచే పట్టాలను తెచ్చారు. 2006లో ఆ సంస్థ దివాలా తీసింది, మరుసటి ఏడాది మెర్క్‌లిన్ దాన్ని కొనుక్కుంది. పేరూ పట్టా కొలతా మారలేదు. 1968లో కొన్న ఇంజను ఇవాళ్టి పట్టా మీద నడుస్తుంది.

రిక్టర్ సోదరులు మొదటి ఇంజనుకు నమూనాగా ఎంచుకున్నది ష్టైంట్స్ లైను బండిని. ష్టైంట్స్ ఆస్ట్రియాలోని స్టిరియా రాష్ట్రంలో, గ్రాజ్ నగరానికి నైరుతిగా ఉన్న చిన్న ఊరు. ప్రేడింగ్-వీసెల్స్‌డోర్ఫ్ నుంచి ష్టైంట్స్ దాకా పదకొండు కిలోమీటర్ల పైచిలుకు చిన్న లైను 1892లో తెరిచారు. పట్టాల మధ్య దూరం 760 మిల్లీమీటర్లు. ఆ లైను కోసం లింట్స్‌లోని క్రౌస్ కార్ఖానా చేసిన రెండు ఇరుసుల ఇంజను, ష్టైంట్స్ రెండో నంబరు, ఈ నమూనాకు మూలం.

ఆ లైను గురించి ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ ప్రాంతపు కొండ ఊళ్లో హోలర్‌హాన్స్ల్ అని జనం పిలుచుకునే నాటువైద్యుడు ఉండేవాడు. రోగి మూత్రాన్ని వెలుతురుకు పట్టి చూసి జబ్బు చెప్పేవాడు. ఎక్కడెక్కడి నుంచో జనం సీసాలు పట్టుకుని ఆ రైలెక్కి వచ్చేవారు. అలా ఆ రైలుకు సీసాల బండి అనే పేరు పడిపోయింది. ఇప్పటికీ ఆ లైను మీద యాత్రికుల కోసం నడిచే బండిని అదే పేరుతో పిలుస్తారు. ప్రపంచంలో ఎన్నో ఇళ్ల తోటల్లో తిరుగుతున్న ఇంజను వెనుక ఇంతమంది మామూలు మనుషుల రాకపోకలున్నాయి. దర్జా ఉన్న ఎక్స్‌ప్రెస్ ఇంజనును కాదని పల్లెటూరి బండిని ఎంచుకోవడంలో అభిరుచి ఉంది, అంతకు మించి లెక్క ఉంది.

ఆ లెక్క ఏమిటంటే మలుపు. కొత్తగా మొదలుపెట్టేవారి సెట్టుతో వచ్చే వంపు పట్టాలు, వాళ్ల భాషలో ఆర్-వన్, వ్యాసార్ధం 600 మిల్లీమీటర్లు. ఒక్కో ముక్క ముప్పై డిగ్రీలు తిరుగుతుంది. పన్నెండు ముక్కలు కలిపితే గుండ్రం పూర్తవుతుంది, మొత్తం కలిసి మీటరూ ముప్పై సెంటీమీటర్ల జాగా చాలు. అసలు రైలు కొలతలో చూస్తే అది పదమూడున్నర మీటర్ల వ్యాసార్ధం, మామూలు రైలు మార్గాల్లో కనిపించని మలుపు. అంత గట్టి మలుపులో పొడుగాటి ఇంజను తిరగలేదు, తిరిగినా ముక్కు బయటికి పొడుచుకొచ్చి అసహ్యంగా కనిపిస్తుంది. రెండే ఇరుసులు, అవీ దగ్గర దగ్గరగా ఉన్న ష్టైంట్స్ మాత్రం ఆ మలుపు కోసమే పుట్టినట్టు తిరుగుతుంది. మొత్తం పొడవు పాతిక సెంటీమీటర్ల దరిదాపు. వెనుక వచ్చే బోగీలూ రెండిరుసులవే. ఇంజను, బోగీలు, మలుపు ఒకదానికొకటి సరిపోయేలా ఒకే ఆలోచనలోంచి వచ్చాయి కాబట్టి ఆ చిన్న గుండ్రంలో కూడా బండి బొమ్మలా కాక బండిలా కనిపిస్తుంది.

ఇంజనును తిరగేసి చూడండి. పని తెలిసినవాడి చెయ్యి పై భాగంలో కన్నా ఇక్కడే ఎక్కువ కనబడుతుంది. మోటారు, దాని మరచుట్టు పళ్లు, ఇరుసులు అన్నీ ఒకే మూసిన పెట్టెలో ఉంటాయి. ఇసుక, ఎండుటాకు, చీమ లోపలికి పోవు. మోటారు రెండు ఇరుసులనూ తిప్పుతుంది. పట్టా నుంచి కరెంటును చక్రాలు తీసుకుంటాయి, అది చాలదని చక్రాల మధ్య ఇరువైపులా స్ప్రింగు మీద వాలి పట్టాను రాసుకుంటూ సాగే లోహపు బూట్లు కూడా పెట్టారు. బయట పరిచిన పట్టా మీద ఎప్పుడూ ఏదో ఒక మరక ఉంటుంది, ఒక చక్రం కింద కరెంటు తెగినా బూటు కింద అందుతుంది. అందుకే ఇది మెల్లగా కదలగలదు. నమూనా రైలు పనితనాన్ని వేగంలో వెతకకూడదు. ఆగిన చోటు నుంచి కుదుపు లేకుండా బయల్దేరిందా, నడిచే మనిషి కన్నా మెల్లగా పోగలదా అన్నది చూడాలి. ఆ పరీక్షలో ఈ చిన్న ఇంజను తనకన్నా చాలా ఖరీదైనవాటి పక్కన నిలబడుతుంది.

పైన చూస్తే రివెట్ల తలలు వరుసగా లేచి ఉంటాయి, వేలితో తడిమితే తగులుతాయి. సిలిండర్ నుంచి వచ్చే కడ్డీ చక్రాన్ని తిప్పుతున్నట్టే కదులుతుంది. నిజానికి చక్రమే కడ్డీని తిప్పుతోంది, చూసే కంటికి ఆ తేడా తెలియదు. దీపాలు వెలుగుతాయి. పొగగొట్టంలో పొగ పుట్టించే పరికరం ఉంటుంది, దానికి తగిన నూనె కొన్ని చుక్కలు వేయాలి. ఇంజను వెనుక చిన్న ప్లగ్గు ఒకటి ఉంది, బోగీల్లో దీపాలకు కరెంటు అక్కడి నుంచి ఇవ్వవచ్చు. 1968లో ఉన్న బోగీల తీరు ఇప్పటికీ అదే: రెండు చివరలా కటకటాల వసారా, తెరుచుకునే తలుపులు, లోపల బెంచీలు. ఈ కొలతలో మనిషి ఏడున్నర సెంటీమీటర్లు ఉంటాడు, ఆ మనిషి ఆ తలుపు తీసుకుని లోపలికి పోగలడు. ఇంత సూటిగా మనిషి కొలతకు కట్టిన తలుపును చిన్న సైజు రైళ్లలో చూడలేం.

ఇప్పుడు పట్టాల మధ్య దూరం సంగతి. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఎల్‌జీబీ గేజ్ 45 మిల్లీమీటర్లు. ఇరవై రెండున్నరతో హెచ్చవేస్తే వెయ్యికి పన్నెండు మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే మీటర్ గేజ్. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా, గుంటూరు నుంచి గుంతకల్లు దాకా తెలుగువాళ్లు తరాలపాటు తిరిగిన గేజ్ ఇదే. అయితే ష్టైంట్స్ అసలు లైను 760 మిల్లీమీటర్లది. నిక్కచ్చిగా అయితే నమూనా పట్టాలు 34 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. చేసినవాళ్లు ఆ ఇంజనును పదకొండు మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పున్న లైను మీద నిలబెట్టారు. పక్కనుంచి చూస్తే ఏమీ తెలియదు, తోటలో మనం రైలును చూసేది చాలావరకు పక్కనుంచే. పైగా వెడల్పు పెరిగితే బండి పడిపోయే భయం తగ్గుతుంది. ఇదీ పట్టా ఎత్తు లాంటి నిర్ణయమే.

ఈ 45 మిల్లీమీటర్ల పట్టా మీద వేరేవాళ్లు వేరే కొలతల బళ్లు నడుపుతారు. మామూలు వెడల్పు లైన్ల నమూనాలు 1:32లో చేస్తే సరిగ్గా ఈ పట్టాకే సరిపోతాయి. అమెరికా మూడడుగుల గేజ్ బళ్లు 1:20.3లో చేస్తే అవీ సరిగ్గా 45కే వస్తాయి. అక్కడే 1:29లో చేసేవాళ్లూ ఉన్నారు. అన్నీ ఒకే పట్టా మీద నడుస్తాయి కాబట్టి అంగట్లో అన్నీ ఒకే పేరు కింద కలిసిపోతాయి. ఒకటి పక్కన ఒకటి పెడితే మాత్రం ఒక బోగీ తలుపు ఇంకో బోగీ కిటికీ అంత ఉంటుంది. పెట్టె మీద గేజ్ ఒక్కటే చూడకండి, కొలత కూడా చూసి కొనండి.

అమెరికా నుంచి పిల్లల చేత తెప్పించుకునేవాళ్లకు ఇంకో మాట. అక్కడి పెట్టెలో వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది, మన 230 గోడ ప్లగ్గులో పెట్టకూడదు. యూరప్ పెట్టె అయితే మన వోల్టేజికే సరిపోతుంది. ఏదైనా సరే, ట్రాన్స్‌ఫార్మర్ ఇంట్లో పొడి చోటే ఉండాలి. తోటలోకి పోవలసింది 24 వోల్టులు దాటని రెండు తీగలే.

పట్టా పరచడం ఓపిక అడిగే పని. స్లీపర్లు ఎండకు పెళుసెక్కని ప్లాస్టిక్, వాటి గురించి దిగులక్కర్లేదు. పట్టాలు ఇత్తడి, ఇత్తడి వేడికి సాగుతుంది. పది మీటర్ల ఇత్తడి పట్టా నలభై డిగ్రీల తేడాకు ఏడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. డిసెంబరు తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ మధ్య మన ఎండలో ఆ తేడా మామూలే. కాబట్టి లైనును సిమెంటులో బిగించకూడదు, మేకులు కొట్టకూడదు. నేల చదును చేసి, నీళ్లు నిలవకుండా కింద కంకర వేసి, దాని మీద లైనును ఊరికే పరచి, స్లీపర్ల మధ్య సన్న చిప్స్ నింపాలి. అప్పుడు లైను తన ఇష్టం కొద్దీ కాస్త కదులుతుంది, వంకరపోదు. అసలు రైల్వేలోనూ పట్టాను కంకరే పట్టుకుని ఉంటుంది. ఎత్తుపల్లాలు నూటికి రెండు మూడు దాటనివ్వకండి. ముందుకు వెనక్కు వంపు ఉన్నా ఇంజను ఎక్కుతుంది, పక్కకు వాలు ఉంటే మాత్రం చక్రం తప్పుతుంది. రసమట్టం అడ్డంగా పెట్టి చూసుకుంటూ పోవాలి.

ఇత్తడి పైన కొన్నాళ్లకు నల్లటి పొర కడుతుంది. రుద్దే దిమ్మతో పైభాగం తుడిస్తే మళ్లీ కరెంటు అందుతుంది. అతుకుల దగ్గరే అసలు బాధ: పట్టా ముక్కల్ని కలిపే రేకు బిళ్లల్లో తేమ చేరితే ఒకచోట బండి మందగిస్తుంది. కలిపేటప్పుడే కరెంటును పోనిచ్చే గ్రాఫైట్ లేపనం కాస్త రాయడం, లైను పొడుగైతే దూరాన ఇంకోచోట కూడా తీగలివ్వడం అలవాటు చేసుకుంటే చాలు. స్క్రూలతో బిగించే బిళ్లలు కూడా దొరుకుతాయి. అవి పెట్టుకుంటే పట్టా సాగడానికి అక్కడక్కడా సందు వదలాలి.

గుండ్రం పూర్తయి బండి తిరుగుతుంటే చేయి ఇంకో ఇంజను వైపు పోతుంది. నా మాట వింటే ఆగండి. ముందు నేరు పట్టాలు, లైనును రెండు దారులుగా చీల్చే పాయింటు ఒకటి, ఒక సరుకు పెట్టె కొనండి. ఎల్‌జీబీ పాయింటులో నాకు నచ్చే నైపుణ్యం ఏమిటంటే, దాని నేరు దారి సరిగ్గా ఒక నేరు పట్టా అంత, 300 మిల్లీమీటర్లు. పక్కదారి సరిగ్గా ఒక ఆర్-వన్ వంపు అంత. ఉన్న లైనులో ఒక ముక్క తీసి దాని చోట పాయింటు పెడితే మిగతా లైనును అంగుళం కూడా కదపక్కర్లేదు. అక్కడి నుంచి సైడింగు వేస్తే షంటింగు మొదలవుతుంది. వెనక్కి వచ్చి పెట్టెను తగిలించుకోవడం, సైడింగులోకి తోసి వదిలి రావడం. ఇంజను మెల్లగా కదిలే గుణం అప్పుడు పూర్తిగా పనికొస్తుంది. మొదటి పాయింటు చేత్తో తిప్పేదే తీసుకోండి. దూరం నుంచి తిప్పాలనిపించిన రోజున ఆ చేతి మీట పెట్టెను స్క్రూలు ఊడదీసి పక్కన పెట్టి, దాని స్థానంలోనే కరెంటు పెట్టెను బిగించుకోవచ్చు. పాయింటును లైనులోంచి తీయనవసరం లేదు.