తెగిందా, తెంచారా?

రాష్ట్రం బయటి తెలుగువాళ్ల కథల మీద సమీక్ష వస్తే చాలు, అందులో 'పరాయీకరణ' అన్న మాట కనబడుతుంది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. మార్క్స్ 1844 రాతప్రతుల్లో చర్చించిన భావానికి మన విమర్శకులు వాడే మాట అది. తన చేత్తో చేసిన వస్తువే తనది కాకుండా పోయిన శ్రామికుడి స్థితిని చెబుతుంది. అక్కడ దానికి పదును ఉంది. ఊరి మీద బెంగకూ, ఒంటరితనానికీ అదే ముద్ర వేస్తే ఆ పదును పోతుంది.

హోసూరు దిక్కున మా అవ్వ పాత చుట్టరికాల గురించి ఒక్క ముక్కలో చెప్పేది: "తెగిపాయ నాయినా." మన స్థితికి ఇదే సరైన మాటని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు దీన్నీ జాగ్రత్తగా వాడాలనిపిస్తోంది. 'తెగు' అకర్మక క్రియ. తాడు తెగిందంటే తెంచిన చెయ్యి కనబడదు. 'తెంచు' అంటే కనబడుతుంది.

1953లో బళ్లారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, మిగిలిన తాలూకాలు మైసూరుకు పోయాయి. 2006లో తమిళనాడు చట్టం బడుల్లో తమిళాన్ని ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి చేసింది. ఇలాంటి వాటి మీద కథ రాస్తూ 'తెగిపోయాం' అంటే కర్త తప్పుకుంటాడు. ఇంట్లో పిల్లలతో తెలుగు మానేసింది మనమే అయితే, అక్కడ కర్తలం మనమే. ఆ సంగతీ రాయాలి.

ఇంకో ప్రశ్న: తెగింది దేన్నుంచి? కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ వాడైన కి. రాజనారాయణన్ ఇంటిమాట తెలుగు, రాసింది తమిళంలో. దక్షిణానికి వలసపోయిన తెలుగువాళ్ల కథే ఆయన 'గోపల్ల గ్రామం'. దాని తరువాయి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన రచన తెలుగు లిపికి దూరమైంది, తెలుగువాళ్ల జ్ఞాపకానికి కాలేదు. ఇలాంటి రచయితను 'పరాయీకరణకు గురైనవాడు' అంటే ఏం చెప్పినట్టు?

సమీక్షకులకు నా మనవి ఒకటే. ఆ పెద్దమాట రాసేముందు దేన్నుంచి, ఎవరివల్ల అని అడగండి. జవాబు దొరికితే ఆ జవాబే రాయండి. అప్పుడు పెద్దమాట అవసరమే ఉండకపోవచ్చు.