కొలనుపాక మాణిక్యదేవ కథ: ఒక పరిశీలనము

తెలంగాణమున ఆలేరునకు సమీపముననున్న కొలనుపాక జైనులకు పరమపవిత్రమైన తీర్థము. అచ్చటి మూలమూర్తి ఆదినాథుడు. భక్తు లాతనిని మాణిక్యస్వామి యందురు. ఈ బింబమును గూర్చిన కథను జినప్రభసూరి తన ‘వివిధతీర్థకల్ప’మున చేర్చినాడు. ఆ గ్రంథము క్రీ.శ. 1333లో ముగిసినది. ఈ కథను యథార్థచరిత్రగా గైకొని బింబమునకు అపారమైన ప్రాచీనతను కట్టబెట్టుట యొక మార్గము. కట్టుకథ యని త్రోసిపుచ్చుట మరియొక మార్గము. ఈ రెండును మాకు సమ్మతములు కావు.

కథాసారమిది. భరతచక్రవర్తి చేయించిన బింబము లంకలో మండోదరి పూజలందుకొని, పిదప సముద్రగర్భమును చేరెను. కల్యాణపురాధీశుడగు శంకరుడు తన రాజ్యమున ప్రబలిన మారిని శాంతింపజేయుటకై దానిని వెలికి తెచ్చెను. త్రోవలో వెనుదిరిగి చూడరాదన్న నియమమును రాజు సంశయవశమున మీరగా, బింబము కొల్లిపాకయందే నిలిచిపోయెను.

ఇందు పూర్వభాగము కేవలము పురాణము. ఉత్తరభాగమున కల్యాణ మను పేరు గమనింపదగినది. అది చాళుక్యులకు రాజధాని యైనది 11వ శతాబ్దిలో. కొల్లిపాకయు నా కాలమున ప్రసిద్ధస్థానమే. రాజేంద్రచోళుని తిరుమలై శాసనము అతని విజయములలో దీనిని పేర్కొన్నది. ఆ శాసనమున్న తిరుమలైయు జైనక్షేత్రమే యగుట విశేషము. కావున కథ యీ రూపమును దాల్చినది 11వ శతాబ్దికి పూర్వము కాదు. 1333కు పిమ్మటను కాదు. ఇది కథాకాలమే గాని ఆలయకాలము కాదు. ఆలయ మంతకు ముందే యుండవచ్చును. శంకరుని కలచురి సంకమునితో ముడిపెట్టుటకు మాత్రము పేరుల పోలిక యొక్కటియే చాలదు.

చరిత్ర కంటె విలువైన దింకొకటి యిందు గలదు. వెనుదిరిగి చూచుట, విగ్రహము కదలకుండుట అనునవి మన స్థలపురాణములలో పెక్కింట కానవచ్చునవే. ఇచ్చట వాని ప్రయోజనమేమి? రాజధానికి పోవలసిన దైవము గ్రామమున నేల వెలసినాడన్న ప్రశ్నకు కథ సమాధానము చెప్పుచున్నది. రాజు సంశయమే గ్రామమునకు భాగ్యమైనది. కల్యాణమున రాజ్యము లంతరించినవి. కొలనుపాకలో పూజలు నేటికిని సాగుచున్నవి. కథకుని పక్షపాతము రాజునందు గాక స్థలమునందు కలదని మా యభిప్రాయము.

పంపకవి సోదరుడు జినవల్లభుడు కురిక్యాల గుట్టపై చెక్కించిన తెలుగు కందపద్యములు జైనులు మన భాష నాదరించిరనుటకు సాక్ష్యము. అట్టి సాక్ష్యములు మిక్కిలి స్వల్పము. కనుకనే, తెలుగున వ్రాయబడలేదన్న కారణమున తెలుగునేల కథలను మన సాహిత్యచరిత్ర వెలిపెట్టరాదు. మాణిక్యదేవ కథ ప్రాకృతసంస్కృత గ్రంథమున నిలిచినను, దాని పాదులు కొలనుపాకలోనే యున్నవి.