పురిటిగది గడప బయట మన సాహిత్యం

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏదో ఒక సాహిత్య సభ లేని వారం అరుదు. ఆ సభల్లో శ్రమను గురించి మనం చాలా మాట్లాడాం. రైతు శ్రమ, నేతపనివాడి శ్రమ, గని కార్మికుడి శ్రమ మన కథల్లోకీ కవిత్వంలోకీ ఏ మేరకు వచ్చాయో లెక్కలు కట్టాం. అదే వీధిలో నాలుగిళ్ళ అవతల ఒక గుమాస్తా భార్యకో, ఒక ఉపాధ్యాయినికో రెండో కాన్పు అయితే ఆ ఇంట్లో పెరిగే శ్రమను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. అది సాహిత్య విమర్శకు సంబంధించిన సంగతి కాదనుకున్నాం. సంబంధించినదేనని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. బిడ్డ పుట్టే వేళకు మన కథకుడు ఎక్కడ నిలబడి ఉంటాడు? సాధారణంగా వసారాలో. భర్త అటూ ఇటూ పచార్లు చేస్తుంటాడు. లోపలినుంచి ఒక కేక వినిపిస్తుంది, ఆ వెనుక పసిబిడ్డ ఏడుపు. ఎవరో పెద్దావిడ తలుపు తీసి మగబిడ్డో ఆడబిడ్డో చెబుతుంది. కథ అక్కడినుంచి నేరుగా బారసాలకు దూకుతుంది. సినిమాలోనూ చాలాకాలం ఇదే పద్ధతి. తండ్రి ఆందోళన వర్ణనకు నోచుకుంది. తల్లి బాధ తలుపు అవతలి శబ్దంగా మిగిలిపోయింది.

ఈ అనుభవానికి తెలుగులో మాటలు లేవా అంటే, ఉన్నాయి. స్త్రీల రామాయణపు పాటల్లో కౌసల్య వేవిళ్ళు ఉన్నాయి, నొప్పులు ఉన్నాయి. వేల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన తన వ్యాసంలో ఈ పాటలను పరిశీలించి, ఆడవాళ్ళు రాముడి పుట్టుకను తమ శరీరానుభవంతో ఎట్లా తిరగరాసుకున్నారో చూపించారు. పండితుల రామాయణంలో యజ్ఞపాయసం, శుభలగ్నం, పుత్రోదయం వరసగా వస్తాయి. మధ్యలో ఉండవలసిన స్త్రీ ఆ పాటల్లోనే కనిపిస్తుంది. అచ్చు సాహిత్యం వాటిని ‘ఆడవాళ్ళ పాటలు’ అని ఒక పక్కన పెట్టింది. అంటే మనకు లోపించింది భాష కాదు, ఆ భాషను సాహిత్యంగా గుర్తించే దృష్టి.

అభ్యుదయ సాహిత్యం ఈ లోపాన్ని సరిదిద్దవలసింది. దానికి ఆ వారసత్వం కూడా ఉంది. 1932లో లక్నోలో వెలువడిన ‘అంగారే’ ఉర్దూ సంకలనం మన ఉద్యమానికి తొలి నిప్పురవ్వల్లో ఒకటి. అందులోని రచయితల్లో ఒకే ఒక స్త్రీ రషీద్ జహాన్. ఆమె వైద్యురాలు. అందులోని ఆమె నాటిక ‘పర్దే కే పీఛే’లో కాన్పు మీద కాన్పుతో శిథిలమైపోయిన ఒక మధ్యతరగతి ఇల్లాలు తన శరీరం గురించి మరో స్త్రీతో మాట్లాడుతుంది. పెరుగుతున్న కుటుంబం అనే మాటకు లోపలి అర్థం ఏమిటో అక్కడ తెలుస్తుంది. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. అంతకు ముందే, 1912లో, గోర్కీ ఒక మనిషి పుట్టుక మీద కథ రాశాడు. కరువుకు ఊరు విడిచి పోతున్న కూలిజనంలో ఒక స్త్రీకి నల్లసముద్రపు ఒడ్డున, పొదల చాటున నొప్పులు వస్తాయి. కథ చెప్పే యువకుడు దూరంగా నిలబడడు. తానే మంత్రసాని అవుతాడు. ‘అమ్మ’ నవలను గుండెకు హత్తుకున్న మనం గోర్కీ రాసిన ఈ చిన్న కథను అంతగా పట్టించుకోలేదు.

తెనాలిలో 1943లో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన తరవాత మన కవిత్వంలో పురిటినొప్పులు చాలానే వచ్చాయి. కాని అవి ఎవరివి? కొత్త యుగానివి, రేపటి సమాజానివి, విప్లవానివి. పాత సమాజపు గర్భంలోనుంచి కొత్త సమాజం పుట్టేటప్పుడు బలప్రయోగం మంత్రసాని అవుతుందని 1867లో మార్క్స్ చేసిన పోలిక మనకు ఎంతో నచ్చింది. పోలిక మంచిదే. కాని మనం బాధను స్త్రీ దగ్గర అరువు తెచ్చుకుని, దాన్ని చరిత్రకు ఇచ్చి, ఆమె ఖాతాలో మాత్రం ఏమీ జమ వేయలేదు. ఉపమానంగా పురుడు గౌరవం పొందింది, వస్తువుగా పొందలేదు.

ఆ తలుపును తెరిచినవారు స్త్రీవాద కవులు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ వంటి కవితలు వచ్చాక, 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వెలువడ్డాక, ఈ వస్తువును తెలుగు కవిత్వం ఎరగదని ఎవరూ అనలేరు. ఇక్కడ మనం ఒక ఆత్మవిమర్శ చేసుకోవాలి. శరీరాన్ని గురించిన ఆ కవిత్వాన్ని తప్పుపట్టినవారిలో సంప్రదాయవాదులే కాదు, వామపక్షం వారూ ఉన్నారు. వర్గపోరాటాన్ని పక్కదారి పట్టిస్తుందన్నారు. కాని శరీరం లేని శ్రమ ఏది? అలసిన చేతులు కవిత్వమైతే, చీలిన కడుపు కవిత్వం ఎందుకు కాకూడదు?

అయినా మిగిలిపోయిన పని ఒకటి ఉంది. లేబర్ రూము కవితలోకి వచ్చింది. ఆసుపత్రినుంచి ఇంటికి తిరిగి వచ్చిన తరవాతి నలభై రోజులు ఇంకా పూర్తిగా రాలేదు. అందులోనూ రెండో బిడ్డ వచ్చిన ఇల్లు. మొదటి కాన్పు పుట్టింటి బాధ్యత అనే ఆచారం ఇంకా ఉంది. రెండోదానికి ఆ ఆసరా పలచబడుతుంది. నారాయణగూడలో రెండు గదుల అద్దె వాటాకి ఊరినుంచి అమ్మమ్మ వస్తుంది. ఆమె మోకాళ్ళ నొప్పులు ఆమెతోనే వస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కడుపుకోతతోనే జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. దేశం మొత్తం మీద ఇది 21.5 శాతమే. కోత మానేదాకా కొన్ని వారాలు బరువులు ఎత్తవద్దని వైద్యులు చెబుతారు. ఆ బరువు బియ్యం బస్తా కాదు, మూడేళ్ళ పెద్దపిల్ల. నిన్నటిదాకా చంకనెక్కిన పిల్ల చేతులు చాస్తే తల్లి ఎత్తుకోలేదు. ఇంతకంటే నిజమైన కథావస్తువు ఎక్కడ వెతుక్కుంటాం?

ఆ పిల్లను ఎవరు ఎత్తుకుంటారనే చోట వర్గం ప్రవేశిస్తుంది. పనిమనిషి ఎత్తుకుంటుంది. ఆమె తన బిడ్డను బస్తీలో పెద్దకూతురికి అప్పగించి వస్తుంది. ఆ పెద్దకూతురు బడి మానేస్తుంది. ఉద్యోగినులకు 2017 సవరణ 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే. మూడో బిడ్డను కన్న శరీరం సగానికన్న తక్కువ కాలంలో కోలుకుంటుందని ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేదు. ఇక పనిమనిషికి ఆ పన్నెండు వారాలూ లేవు. రెడ్ హిల్స్‌లో 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రి పుట్టుక ఇక్కడ గుర్తుచేసుకోవాలి. యువరాణి పరిచారిక రఫతున్నీసా 1949లో కాన్పులో చనిపోయిన దుఃఖమే దానికి ప్రేరణ. ఆసుపత్రికి యువరాణి పేరు వచ్చింది. ఆ పరిచారిక పేరు ఎందరికి తెలుసు?

ఇది కుటుంబపు సొంత విషయం, దీన్ని వర్గసాహిత్యంలోకి ఎందుకు లాగుతారని కొందరు మిత్రులు అడగవచ్చు. వారికి 1884లో ఎంగెల్స్ కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యాల పుట్టుకపై రాసిన గ్రంథపు ముందుమాటే సమాధానం. బతుకుతెరువు వస్తువుల ఉత్పత్తి ఒకటి, మనుషుల ఉత్పత్తి ఒకటి అని రెండింటినీ ఆయన సమాజానికి పునాదిగా చెప్పాడు. మనం మొదటిదాన్ని చదివి రెండోదాన్ని దాటేశాం.

పాలకులు మాత్రం దాన్ని ఎన్నడూ సొంత విషయంగా వదిలిపెట్టలేదు. కుటుంబ నియంత్రణను 1952లోనే ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన దేశం మనది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికన్న ఎక్కువమంది పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసింది. జననాలు తగ్గాయని బెంగపడి ఆంధ్రప్రదేశ్ 2024లో ఆ నిబంధన తీసేసింది. ఒకనాడు కనవద్దన్నవారే నేడు కనమంటున్నారు. రెండు వేళలా సంఖ్యే కావాలి. కనే మనిషి కాదు. మాతృత్వాన్ని కీర్తించే పాత పాటను ఈ కొత్త అవసరం మళ్ళీ అందుకుంటుంది. కనుక రచయిత మాతృత్వాన్ని పొగడకుండా జాగ్రత్తపడాలి, చూడడం నేర్చుకోవాలి.

చూడడానికి దూరం పోనక్కర లేదు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల గదుల్లోనూ, నగర కేంద్ర గ్రంథాలయంలోనూ వేలమంది యువతీయువకులు గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నారు. 2024 అక్టోబరులో వారే ఆ వీధుల్లో ఆందోళనకు దిగారు. ఉద్యోగం వస్తేగాని పెళ్ళి, పెళ్ళయితే రెండో బిడ్డ వద్దు అనే లెక్క వారి పుస్తకాల్లో లేదు, తలల్లో ఉంది. జననాలు ఎందుకు తగ్గాయని మంత్రులు ఉపన్యాసాల్లో అడిగే ప్రశ్నకు జవాబు ఆ గ్రంథాలయపు బల్లల దగ్గర దొరుకుతుంది.

మన రచయితలను కోరేది పెద్దదేమీ కాదు. బారసాల చుట్టాలు వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఉండండి. రాత్రి రెండింటికి ఎవరు లేచారు, పెద్దపిల్ల ఎందుకు మళ్ళీ పక్క తడుపుతున్నది, పనిమనిషి జీతం ఎంత పెరిగింది, భర్త ఏ పని నేర్చుకున్నాడు, ఏది నేర్చుకోలేదు — ఇవి రాయండి. మొన్న ఒక సభలో శ్రమైకజీవన సౌందర్యం మీద ఉపన్యాసం సాగుతుండగా వెనక వరసలో చంటిబిడ్డ ఏడ్చింది. ఒకరిద్దరు తల తిప్పి చూశారు. తల్లి లేచి బిడ్డతో వరండాలోకి వెళ్ళింది. ఉపన్యాసం ముగిసేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. మనం లోపల చప్పట్లు కొట్టాం.