రేకు మీద రేకు

మా నాయనగారు బియ్యపు మిల్లులో గుమాస్తాగా నున్న కాలమున, గోనె సంచులపై మిల్లు పేరును, తూకమును అచ్చువేయుటకై అక్షరములు తొలిచిన తగరపు రేకొకటి అచ్చటి గోడకు వ్రేలాడుచుండెడిది. నల్లరంగులో ముంచిన గుడ్డతో దానిపై అద్దినంతనే అక్షరములు సంచిపై నిలుచుట నాకప్పుడొక యింద్రజాలముగా తోచినను, సున్న మాత్రము పూర్ణవృత్తము గాక రెండు నెలవంకలవలె తెగియుండుట చూచి, అది కోసినవాని చేతకానితనమే యనుకొంటిని. సున్నను చుట్టును కోసినచో దాని నడిమి బిళ్ళ యూడి నేలపడునని, దానిని పట్టియుంచుటకే యా రెండు వంతెనలు విడువబడినవని, నడివయస్సున కాగితపు కార్డులు చేయుటకు పూనుకొన్న పిదప గాని నాకు తెలిసిరాలేదు. (ఠకారమును రేకుపై కోయజూచినవారికి ఈ కష్టము మఱింత బాగుగా తెలియును.)

ఇప్పుడు నా బల్లపై నున్నవి తగరపు రేకులు కావు, పలుచని పాలియెస్టరు స్టెన్సిళ్ళు. పువ్వొకటి పూయుటకు ఒక స్టెన్సిలు చాలదు. మూడో నాలుగో, ఒక్కొక్కప్పుడారో కలిసి యొక జట్టు. మొదటిది పుష్పము యొక్క సమగ్రాకారమును లేతరంగున పరచును. రెండవది కొంచెము చిక్కని సిరాతో లోపలి దళములను తీర్చును. మూడవది దళమూలముల నీడలను దించును. తుదిది యీనెలను, కింజల్కములను గీయును. మన భాషలో తగరపు పలకయు రేకే, పూవు దళమును రేకే గనుక, ఇది రేకులతో రేకులను పుట్టించు పని యని నాలో నేను నవ్వుకొనుచుందును. ఒక స్టెన్సిలు విడిచిన చోటును వేఱొకటి కప్పుటచేత, మిల్లు సున్నను చీల్చిన యా వంతెన యిందు కంటికి కానరాదు. జపానుదేశమున ఇసె ప్రాంతపు కతగామి పనివారు ఇదే చిక్కును మఱియొక తీరున విప్పిరి: పెర్సిమన్ కాయల రసము పట్టించిన మల్బరీ కాగితమును కోసి, నిలువలేని సన్నని భాగములను పట్టుదారములతో పట్టి నిలిపిరి.

వింత యేమనగా, అన్నిటికన్న నెక్కువగా సిరాను త్రాగు మొదటి పొర కడపట మిక్కిలి తక్కువగా కనబడును. నాలుగు చీలికలు మాత్రమే గల తుది పొర రెండు నిమిషములలో వచ్చి పువ్వు పేరంతయు తానే కొట్టుకొనిపోవును. రెండవ పొర ముగిసిన వేళ కార్డుపై నున్నది పువ్వని యెవ్వరును ఒప్పుకొనరు. అదియొక గులాబిరంగు మరక. తొలి దినములలో ఆ మరకను చూచి విసిగి, సగము చేసిన కార్డుల నెన్నింటినో చింపి పారవేసితిని.

పెడనలో కలంకారీ అద్దకపు బల్ల యొద్ద ఒకనాడు నిలిచి చూచినప్పుడు ఈ పొరల వరుస నాకు తలక్రిందుగా కనబడినది. కరక్కాయ కషాయమునను పాలయందును తడిపి యారబెట్టిన బట్టపై, తుప్పుపట్టిన యినుమును బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన నల్లరంగుతో, టేకు అచ్చు ముందుగా గీతను వేయును; నిండు రంగులు ఆ గీతల నడుమకు తరువాత వచ్చును. వారికి గీత ముందు, నిండు తరువాత. మాకు నిండు ముందు, గీత తరువాత. వారి రెండవ యచ్చునకు దారిచూప గీత యున్నది. మా తుది స్టెన్సిలునకు మూలలందలి చిన్న గుర్తులే దిక్కు.

కుంచెను నేరుగా కాగితముపై పెట్టరాదు. సిరా నద్దిన పిదప వేఱొక కాగితముపై తుడిచి, స్టెన్సిలు అంచుమీదనుండి లోనికి మెల్లగా సుడులు త్రిప్పుచు తీసికొనిరావలెను. తొందరపడి తడికుంచెను నొక్కినచో సిరా యంచు క్రిందికి ప్రాకును. కదలకుండుటకు అంటించు కాగితపు టేపును ముందుగా నా పంచె యంచున కొకసారి అద్ది తీయుదును, లేనిచో దాని జిగురు అట్ట పొరను లేపివేయును. ఈ సిరాలు పారదర్శకములు గావున లేతనుండి ముదురునకు పోవుటయే గాని తిరుగుదారి లేదు.

ఇది బాలక్రీడయని నవ్వు మిత్రులకు, చిత్రకారుడు ఆన్రీ మతీస్ ‘జాజ్’ గ్రంథమునందలి 20 చిత్రఫలకములు 1947లో స్టెన్సిళ్ళు కోసి చేతితో రంగులద్దియే వెలువరింపబడినవని చెప్పుచుందును. వారు మతీస్‌ను మెచ్చుకొని, మరల నన్ను చూచి నవ్వుదురు.

గత మాసమున మా అక్కాబావల షష్టిపూర్తికని తామరపువ్వు కార్డొకటి మొదలుపెట్టితిని. మూడు పొరలును ముచ్చటగా కుదిరినవి. నాలుగవదానిని కాఫీ త్రాగివచ్చిన యుత్సాహమున తిరగవేసి పెట్టితిని. ఈనెలన్నియు ఎదురుదిక్కునకు వంగి, పువ్వును దాటి నీటిలోనికి పోయినవి. మరునాడే వేడుక, ఇంట మఱియొక మంచి యట్ట లేదు. దారితప్పిన యీనెలపై నీలపు సిరా పూసి, వానిని అలలుగా మార్చి తీసికొనిపోయితిని. అక్కయ్య కార్డును కిటికీ వెలుగునకు పట్టి, అద్దములు సవరించుకొని, చాలసేపు చూచినది.

“పువ్వు బాగుందిరా తమ్ముడూ. గాలే, రెండు వైపుల నుంచీ వీస్తున్నట్టుంది!”