'శక్తి జలం' వచనం - ఒక పరిశీలన

కరపత్రాన్ని సాహిత్య విమర్శ పరిధిలోకి తీసుకునే అలవాటు మనకు లేదు. కాని కొండ ఊళ్ళకు కవితా సంపుటాల కంటే ముందు చేరే తెలుగు వచనం కరపత్రమే. కథ నచ్చకపోతే పుస్తకం మూసేస్తాం. కరపత్రాన్ని నమ్మినవాడు నీళ్ళు తాగుతాడు, పిల్లలకు తాగిస్తాడు. అందువల్ల శక్తి నింపిన రాయి, పూస, గాజు పలక, లోహపు కడ్డీ నీటిని శుద్ధి చేస్తాయని చెప్పే వచనాన్ని రచనగానే పరిశీలించటం అవసరమనుకుంటాను. నేను ఉపాధ్యాయుడిగా ఉన్న అరకు ప్రాంతానికి కూడా సంతల ద్వారా ఇటువంటి కాగితాలు వచ్చాయి.

ఈ వచనానికి అంతర్జాతీయ వంశవృక్షం ఉంది. పిరమిడ్ ఆకారం కింద ఉంచితే గడ్డం గీసుకునే బ్లేడు పదునెక్కుతుందని చెప్పిన కారెల్ డ్రబల్‌కు చెకొస్లొవేకియా 1959లో పేటెంటు ఇచ్చింది. ఆస్ట్రియాకు చెందిన యోహాన్ గ్రాండర్, తన పరికరంలోని నీరు పక్కన ప్రవహించే నీటికి, తాకకుండానే 'సమాచారం' అందిస్తుందన్నాడు. దానిని శాస్త్రాభాసమైన అర్థరహిత వాదమని విమర్శించవచ్చునని 2006లో ఆ దేశపు న్యాయస్థానమే తేల్చింది. జపాన్‌లో మసారు ఎమోటో 1999లో వెలువరించిన పుస్తకంలో మంచిమాట విన్న నీటికి అందమైన స్ఫటికాలు వస్తాయన్నాడు. మన దగ్గర అయస్కాంత జలమూ పిరమిడ్ జలమూ ఈ వంశంలోనివే. నీటి అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలో తెగి మళ్ళీ ముడిపడుతుంటాయి. అటువంటి నీరు మాట గుర్తుపెట్టుకోవాలంటే ఎక్కడ పెట్టుకుంటుంది?

ఈ రచనల్లో కీలకమైన పదం 'శక్తి'. పాఠ్యపుస్తకంలో శక్తి అంటే కొలవదగినది. గుడిలో శక్తి అంటే అమ్మవారు. రెండింటికీ తెలుగులో ఒకే మాట ఉండటం కరపత్ర రచయితకు అయాచితంగా దొరికిన వరం. పాఠ్యపుస్తకం అర్థంతో ఎత్తుకుని, గుడి అర్థంతో ముగిస్తాడు. ఎక్కడ మార్చాడో చెప్పడు. మన ఆలంకారికులు దీనిని శ్లేష అనగలరా? అనలేరు. శ్లేషలో రెండర్థాలూ పాఠకుడికి తెలిస్తేనే చమత్కారం. ఇక్కడ తెలియకపోతేనే వ్యాపారం. పైగా 1954 నాటి చట్టం ఫలానా రోగాలు కుదురుస్తామని ప్రకటించటాన్ని నిషేధించింది. 'మందు' అంటే ఇబ్బంది, 'శక్తి' అంటే ఏ ఇబ్బందీ ఉండదని కరపత్ర రచయిత లెక్క.

అంతకంటే ముఖ్యమైన విషయం వ్యాకరణంలో ఉంది. ఈ వచనం నిండా తద్ధర్మార్థక క్రియలే: శుద్ధి చేయును, ఆరోగ్యమిచ్చును, దోషములు తొలగించును. చేదర్థకం కనపడదు. నిజమైన శుద్ధి పద్ధతిని చెప్పే వాక్యాన్ని దీని పక్కన పెట్టి చూడండి. పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో నీరు పోసి మంచి ఎండలో ఉంచితే, ఆరు గంటల్లో చాలామటుకు క్రిములు చస్తాయి. మబ్బు పడితే రెండు రోజులుంచాలి. నీరు బురదగా ఉంటే ముందు తేర్చుకోవాలి. ఇది కూడా శక్తే, సూర్యరశ్మి శక్తి. బ్లీచింగ్ పౌడరు కలిపితే అరగంట ఆగాలి, ఆ తర్వాత లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందేమో చూడాలి. ఇక్కడ ప్రతి వాక్యానికీ ఒక 'అయితే' ఉంది, 'కాకపోతే' ఉంది. తాను తప్పు కాగల సందర్భాన్ని ఆ వాక్యమే చెబుతుంది. మహీధర నళినీమోహన్ వంటివారు తెలుగులో సైన్సు రాసినప్పుడు చేసిన పని ఇదే. సైన్సు వచనాన్ని సరళంగా రాయటమంటే షరతులు ఎత్తివేయటం కాదని మన విద్యార్థులు ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

తూర్పు కనుమల అడవుల్లో చిల్ల చెట్టు ఉంది. ఇండుప అని కూడా అంటారు. దాని గింజను తడిరాతి మీద అరగదీసి బురదనీళ్ళలో కలిపితే, గింజలోని పదార్థాలు సన్నని మట్టి రేణువులను ముద్దకట్టించి అడుక్కు దించుతాయి. పటిక చేసే పనే. క్రిములన్నీ చావవు కనుక ఆ నీటిని కాచుకోవాలి. ఆ చెట్టు పేరు తలచుకున్నంత మాత్రాన నీళ్ళు తేరవన్న భావం మనుస్మృతిలోనే ఉంది! మనువును మనం తిట్టవలసిన చోట్లు చాలా ఉన్నాయి గాని, ఈ ఒక్కచోట ఆయన ఈనాటి శక్తి వ్యాపారి కంటే భౌతికవాది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొండల్లో కొనే అటవీ ఫలసాయాల్లో ఈ చిల్లగింజ ఒకటి. అంటే నీటిని నిజంగా తేర్చే గింజ కిలోల లెక్కన కొండ దిగుతున్నది. నీటికి ఏమీ చేయలేని రాయి కరపత్రంతో సహా కొండ ఎక్కుతున్నది.

ఆ కరపత్రానికి పాఠకులను సిద్ధం చేసినవారిలో మన కవులు కూడా ఉన్నారు. ఈ మాట కొందరికి కటువుగా ఉండవచ్చు. కొండ మీద కవిత రాసినప్పుడల్లా ఊటనీరు అమృతమవుతుంది, గెడ్డ నవ్వుతుంది, ఆదివాసి ఆ నీరంత స్వచ్ఛంగా ఉంటాడు. వానాకాలం వాంతులూ విరేచనాలూ పట్టుకునే ఊళ్ళలో ఈ స్వచ్ఛత ఎవరి అనుభవం? పైనున్న పశువుల పేడ తొలి వానకు ఎక్కడికి కొట్టుకొస్తుందో అక్కడి ఆడవాళ్ళకు తెలుసు, కవికి తెలియదు. ప్రకృతిలో ఒక అదృశ్య పవిత్రత ఉన్నదని కవి ఉచితంగా చెబుతాడు. దానినే రాయిలో బిగించి వ్యాపారి అమ్ముతాడు. కొన్నవాడికి నీరు బాగుపడకపోతే తప్పు అతడి నమ్మకానిదవుతుంది. మంచినీళ్ళివ్వవలసిన పంచాయతీ, ప్రభుత్వం ఈ లావాదేవీలో ఎక్కడా కనపడవు.

ఎగువనున్న ఊటకు సిమెంటు తొట్టి కట్టి, ఇసుక, గులకరాళ్ళ పొరల గుండా వడకట్టి, పైపు ద్వారా వాలునే ఆధారంగా ఊళ్ళోకి నీళ్ళు దించే పథకాలు మా కొండల్లో ఉన్నాయి. వాటికి కరెంటు మోటారు అక్కరలేదు. కాని తొట్టి కడగాలి, ఇసుక మార్చాలి, పైపు తెగితే ఎవరు అతకాలన్న తగాదా తేలాలి. ఒక నవలకు సరిపోయినంత జీవితం ఆ తగాదాలో ఉంది. దాని మీద కథ ఒక్కటి కూడా నా కంటపడలేదు.